విద్యార్థి వేతనంతో మొదలైన ప్రయాణం: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబర్ 15న భారతదేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటారు. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మదినం. ఈ సభలకు విచ్చేసిన వారిలో ఎందరో ఇంజనీర్లు. ఆనకట్టలు, కర్మాగారాలు కట్టించిన మహానుభావుడిగా ఆయన మనకందరికీ తెలుసు. ఆయన చదువు ఎలా సాగిందో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆయన పూర్వీకులది బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం గ్రామం. ఆ తెలుగు కుటుంబం తరతరాల క్రితమే మైసూరు సంస్థానానికి వలస వెళ్ళింది. ఊరు విడిచినా ఊరి పేరును ఇంటిపేరుగా నిలుపుకున్నారు. 1861లో చిక్‌బళ్ళాపురం సమీపంలోని ముద్దెనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్య జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి గతించారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఒకరి ఇంట పిల్లలకు పాఠాలు చెబుతూ పొట్ట పోసుకున్నారు. 1881లో బి.ఏ. పట్టా అందుకున్నారు.

ఇంజనీరు కావాలని కోరిక. కానీ మైసూరు రాజ్యంలో అప్పటికి ఇంజనీరింగు కళాశాల లేదు. పూనా వెళ్ళి చదివే స్తోమతు ఆ ఇంటికి లేదు. ఆ సమయంలో మైసూరు ప్రభుత్వం విద్యార్థి వేతనం మంజూరు చేసి ఆయన్ను పూనా సైన్సు కాలేజీకి పంపింది. 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథముడిగా ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వం సహాయ ఇంజనీరుగా ఉద్యోగమిచ్చింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. డబ్బిచ్చి చదివించింది మైసూరు, కొలువులో చేర్చుకున్నది బొంబాయి. దాదాపు పాతికేళ్ళు ఆయన సేవలు బయటి ప్రాంతాలకే అందాయి. సక్కరుకు తాగునీటి పథకం, ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో తానుగా తెరుచుకునే తలుపులు ఆ కాలంలో చేసినవే. మేధావుల వలస అని ఈనాడు మనల్ని అంటున్న మాట ఆనాడు ఆయన్నీ అనగలిగేవారు!

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసింది. అప్పటికి బొంబాయి కొలువు విడిచిన విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. నగరానికి ఎగువన నదులపై జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలవేయాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపే చెరువులే నగరానికి తాగునీరూ ఇచ్చాయి.

1909లో మైసూరు తన పూర్వ విద్యార్థిని చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించింది. కావేరిపై కృష్ణరాజసాగరం పనులు 1911లో మొదలయ్యాయి. 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్నారు. ఆ కాలంలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. తాను చదువుకోసం పొరుగు రాష్ట్రానికి వెళ్ళవలసి వచ్చిన చోటనే ఆ చదువును స్థాపించారు. ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక తీర్చిన అప్పు అది. వడ్డీతో సహా!

దివాను పదవి వదిలాక భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నడిపించారు. అందుకు తనకు రావలసిన పారితోషికాన్ని తీసుకోకుండా, యువకులకు వృత్తి విద్య నేర్పే సంస్థకు వినియోగించమన్నారు. 1943లో బెంగుళూరులో ఆ సంస్థ ఏర్పడింది. దానికి తన పేరు కాక మహారాజు జయచామరాజేంద్రుని పేరు ఉండాలన్నారు. 1955లో భారతరత్న అందుకుని, నిండు నూరేళ్ళు దాటి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

నేడు మన సంఘాలు, కుటుంబాలు పేద ఇంజనీరింగు విద్యార్థులకు వేతనాలు నెలకొల్పుతున్నాయి. తీసుకున్నవాడు రేపు ఎక్కడికో వెళ్ళిపోతే మన డబ్బు వృథా కాదా అని కొందరు సందేహిస్తారు. విశ్వేశ్వరయ్యగారి జీవితమే దానికి సమాధానం. ఫలితం ఎప్పుడు, ఏ ఊరికి చేరుతుందో ఇచ్చేవారికి తెలియదు. మైసూరు ఇచ్చిన ఆ కొద్దిపాటి సాయం చివరికి మన హైదరాబాదుకు రెండు జలాశయాలైంది. మనలో ఎందరం అలాంటి చేయూతతోనే చదువుకుని ఇంత దూరం వచ్చాం. మన వంతు మనం ఇద్దాం.