బొమ్మ కింద నంబరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, అందరిలాగే ప్రార్థన గంట గురించీ హెడ్మాష్టారి బెత్తం గురించీ రాద్దామనుకున్నాను. అవి ఎలాగూ మిగతా బ్యాచ్‌ల వాళ్లు రాస్తారు. అందుకని మన డ్రాయింగు మాష్టారిని తలుచుకుంటూ ఒక చిత్రకారుడి గురించి రాస్తున్నాను. ఆయన మన దేశంవాడు కాదు. పేరు పాల్ క్లే.

రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి మ్యూనిక్ వెళ్లాను. ఒక సాయంత్రం నడకకు వెళ్తుంటే బొమ్మలు అమ్మే గ్యాలరీ ఒకటి కనిపించింది. అద్దం వెనక ఒక చిన్న బొమ్మ, మన నోటుపుస్తకం పేజీ అంత. ఎర్రవి, పసుపువి, నీలివి నాలుగైదు రంగు ముక్కలు, వాటి మీద లావాటి నల్లగీతలు. మూడో క్లాసు పిల్లాడు గీశాడంటే నమ్మేలా ఉంది. దాన్ని అట్ట మీద అంటించి, కింద సన్నటి గీత గీసి, ఆ గీత దగ్గర బొమ్మ పేరు, 1939 అన్న సంవత్సరం, ఒక నంబరు చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. అమ్మకానికి పెట్టారు. మా అమ్మాయి లోపలికెళ్లి ధర కనుక్కొచ్చింది. ఆ డబ్బుతో మన ఊళ్లో రెండంతస్తుల ఇల్లు లేస్తుంది.

ధర విని నవ్వుకున్నాను గానీ ఆ నంబరు నన్ను వదల్లేదు. మన మాష్టారు కూడా అంతే కదా. కుండ గీసినా మందారం గీసినా కింద తేదీ, వరస నంబరు వెయ్యనిదే దిద్దేవారు కాదు. ఆ పట్టింపు ఎందుకో మేమెవ్వరం అడగలేదు. అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ క్లే గురించి దొరికినదల్లా చదివాను.

ఆయన 1879 డిసెంబరు 18న స్విట్జర్లాండులో, బెర్న్ నగరం పక్కనున్న చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లి స్విస్ దేశస్థురాలు, తండ్రి జర్మన్. తండ్రి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సంగీతం మాష్టారు. చట్టం ప్రకారం పిల్లవాడికి తండ్రి దేశమే దేశం. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. రంగు సుద్దలు చేతికిచ్చి బొమ్మలు నేర్పింది అమ్మమ్మ. ఏడో ఏట వయొలిన్ పట్టి, పదకొండేళ్లకే నగర వాద్యబృందంలో కూర్చున్నాడు. చదువు మాత్రం అంతంతమాత్రం. నోటుపుస్తకాల అంచుల నిండా బొమ్మలే. ఆ పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. (నా లెక్కల నోటుపుస్తకమూ అలాగే ఉండేది. మా నాన్న చూసి పొయ్యిలో పెట్టారు.) బడి ఆఖరి సంవత్సరంలో తోటి కుర్రాళ్లతో కలిసి నల్లి అని పేరు పెట్టి ఒక ఎగతాళి పత్రిక కూడా తెచ్చాడు. దాని మీద మాష్టర్లకు కోపం వచ్చిందట. మన గోడపత్రిక గొడవ గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1898లో చిత్రకళ నేర్చుకోడానికి మ్యూనిక్ వచ్చాడు. 1906లో పియానో వాయించే లిలీని పెళ్లి చేసుకున్నాడు. మరుసటి సంవత్సరం కొడుకు ఫెలిక్స్ పుట్టాడు. ఆ రోజుల్లో ఆయన బొమ్మలు కొనేవాళ్లు లేరు. లిలీ పియానో పాఠాలు చెప్పి సంపాదిస్తే, ఈయన ఇంట్లో వంట చేస్తూ, పిల్లాణ్ని ఆడిస్తూ, వంటింట్లోనే బొమ్మలు వేసుకునేవాడు. బొమ్మలు చిన్నవిగా ఉండడానికి ఆ వంటింటి బల్ల కూడా ఒక కారణమేమోనని నా అనుమానం. తరవాత కొడుకు ఆడుకోడానికి చేతికి తొడుక్కునే తోలుబొమ్మల్లాంటివి గుడ్డపీలికలతో, పాత సామానుతో చేసిచ్చాడు. వాటిలో కొన్ని ఈనాటికీ మిగిలాయి.

1911లో ఆయన ఒక పుస్తకం తెరిచాడు. ఇంటిపద్దు రాసినట్టు, వేసిన ప్రతి బొమ్మకూ సంవత్సరం, నంబరు, పేరు రాయడం మొదలుపెట్టాడు. వెనక్కి వెళ్లి చిన్నప్పటి సుద్దబొమ్మల్లో కొన్నిటిని కూడా ఎక్కించాడు. అప్పటికి ఆయనకు పేరు లేదు, అడిగేవాళ్లూ లేరు. అయినా చివరిదాకా ఆ పద్దు తప్పలేదు. మొత్తం తొమ్మిది వేలకు పైగా తేలాయి.

1914 ఏప్రిల్లో ఇద్దరు మిత్రులతో ట్యునీషియా వెళ్లాడు. ఉన్నది రెండు వారాలే. అక్కడి ఎండ, తెల్లటి గోడలు చూశాక రంగు ఆయనకు పట్టుబడింది. ఆ ఆగస్టులోనే యుద్ధం వచ్చింది. వెంట వచ్చిన మిత్రుల్లో ఆగస్ట్ మాకే సెప్టెంబరులో యుద్ధంలో చనిపోయాడు. క్లేని 1916లో సైన్యంలోకి తీసుకున్నారు. విమానాలకు రంగులు వెయ్యడం, వాటి మీద అంకెలు దిద్దడం, తరవాత జీతాల గుమాస్తాగిరీ. విమానం రెక్కల గుడ్డ ముక్కలు దొరికితే వాటి మీదా బొమ్మలు వేశాడు.

యుద్ధం అయ్యాక పేరు వచ్చింది. 1921 నుంచి పదేళ్లు బౌహౌస్ అనే కళాశాలలో, ముందు వైమార్‌లోనూ తరవాత డెస్సావ్‌లోనూ మాష్టారుగా పనిచేశాడు. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ పెట్టిన ప్రదర్శనకు బౌహౌస్ వాళ్ల బొమ్మలు ఓడెక్కి వచ్చాయి. వాటిలో ఈయన చిన్న నీటిరంగు బొమ్మలూ ఉన్నాయి. బొమ్మలు అమ్ముడుపోతున్న ఆ రోజుల్లో ధరలకు తరగతులు పెట్టుకుని, అట్ట మీద పెన్సిలుతో రోమన్ అంకె వేసేవాడు. కొన్నిటికి మాత్రం ప్రత్యేక తరగతి అని గుర్తు. అవి ఎవరెంత ఇస్తామన్నా అమ్మేవాడు కాడు. తనకోసం, తన పాఠంకోసం ఉంచుకున్నవి అవి.

1933లో హిట్లర్ ప్రభుత్వం వచ్చింది. అప్పటికి ఆయన డ్యూసెల్‌డార్ఫ్ కళాశాలలో ఉన్నాడు. ఇల్లు సోదా చేశారు, ఉద్యోగం తీసేశారు. ఏడాది చివరకు భార్యతో పుట్టిన ఊరి పక్కకే, బెర్న్‌కు వచ్చేశాడు. 1935లో జబ్బు పట్టుకుంది. చర్మం బిగుసుకుపోయి, చివరికి ముద్ద కూడా మింగుడు పడని జబ్బు. 1936లో పద్దులోకి ఎక్కిన బొమ్మలు పాతికే. మరుసటి ఏడు జర్మనీలో చెడిపోయిన కళ అని పేరు పెట్టి జనానికి చూపించిన ప్రదర్శనలో ఈయనవి 17 బొమ్మలు వేలాడదీశారు. మ్యూజియంల నుంచి లాక్కున్నవి నూరుకు పైనే. అలా లాక్కున్న బొమ్మల్లో కొన్నిటిని 1939 జూన్‌లో స్విట్జర్లాండులోనే, లూసర్న్‌లో వేలం వేశారు. ఆయన ఉంటున్న దేశంలోనే ఆయన బొమ్మలకు పాట పాడారన్నమాట.

అదే 1939లో, ఆ జబ్బుతోనే, ఆయన పద్దులోకి 1253 బొమ్మలు ఎక్కాయి. రోజుకు మూడు పైనే. గీత లావయింది, రంగులు ముక్కలయ్యాయి, పిల్లల బొమ్మల్లా తయారయ్యాయి. మ్యూనిక్‌లో నేను అద్దంలోంచి చూసింది ఆ 1253లో ఒకటి. అది చదివిన రోజు నాకు ఆ ధర గురించి నవ్వు రాలేదు.

పుట్టిన దేశంలో పౌరసత్వం కావాలని ఆ ఏడే దరఖాస్తు పెట్టాడు. విచారణల మీద విచారణలు జరిగాయి. కొద్ది రోజుల్లో తేలుతుందనగా 1940 జూన్ 29న లోకార్నో పక్కన మురాల్టోలో కన్నుమూశాడు. అప్పటికి ఆ ఏడాది పద్దు 366 దాకా వచ్చింది. స్విట్జర్లాండులో పుట్టి, అక్కడే పోయి, కాగితాల మీద జర్మన్‌గానే మిగిలాడు. ఇప్పుడు బెర్న్‌లో ఆయన పేరనే పెద్ద మ్యూజియం ఉంది. 2005లో తెరిచారు. ఆయన బొమ్మలు నాలుగు వేల దాకా అందులోనే ఉన్నాయి.

తిరిగి వచ్చే ముందు మళ్లీ ఆ వీధిలోకి వెళ్లాను. అద్దం వెనక వేరే ఎవరిదో బొమ్మ ఉంది.

మన డ్రాయింగు మాష్టారు పోయి చాలాకాలమైంది. ఆయన బోర్డు మీద వేసినవి ఏ రోజుకారోజు చెరిగిపోయాయి. కాగితం మీద వేసి మనలో కొందరికి ఇచ్చేవారు, నాకూ ఒకటి ఇచ్చారు, అద్దె ఇళ్లు మారడంలో పోగొట్టుకున్నాను. మీలో ఎవరి ట్రంకుపెట్టెలోనైనా ఒకటి మిగిలి ఉంటే జూబ్లీ రోజున తీసుకురండి. ఆయనదో కాదో పోల్చుకోవడం కష్టం కాదు. కింద కుడివైపు తేదీ, నంబరు ఉంటాయి.