నవాబ్ జఫర్ జంగ్: హైదరాబాదు రసద్‌గాహ్ నిర్మాత

చంద్రకళలు ప్రజల కాలగణనకు, హజ్ వేళల నిర్ణయానికి గుర్తులని దివ్యఖుర్ఆన్ రెండవ సూరా మనకు తెలుపుతోంది. నమాజ్ వేళలు సూర్యునితో ముడిపడి ఉంటే, రమజాన్, ఈద్, హజ్, జకాత్ సంవత్సరం చంద్రునితో ముడిపడి ఉన్నాయి. అందుకే ఆకాశ పరిశీలన మన పూర్వీకులకు దీనీ అవసరమయింది. మరాగాలో తూసీ, సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ స్థాపించిన రసద్‌గాహ్‌ల గురించి మన మదరసాలలో నేటికీ చెబుతారు. అటువంటిదే ఒకటి మన హైదరాబాదులో వెలసిందనీ, అది ఒక ముస్లిం అమీరు సొంత ధనంతో మొదలయిందనీ తెలిసినవారు తక్కువ.

ఆయనే నవాబ్ జఫర్ జంగ్ బహాదుర్. పాయిగా వంశీయులు, నిజాం ప్రభుత్వంలో మంత్రి. ఆ కాలపు అమీర్లు దేవిడీల మీద, వేట మీద ఎంత వెచ్చించారో చెప్పనవసరం లేదు. ఈయన మాత్రం ఇంగ్లాండు నుండి గ్రబ్ కంపెనీ తయారుచేసిన 15 అంగుళాల దుర్భిణిని కొని తెప్పించారు. నగరంలోని ఫిసల్‌బండలో దానిని నెలకొల్పారు. 1901 సెప్టెంబరులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు లేఖ రాసి, దీనికి నిజామియా అనే పేరు పెట్టుకోవడానికి అనుమతి కోరారు. తమ తర్వాత ప్రభుత్వమే దీనిని నడపాలన్నది ఆయన కోరిక. 1907లో ఆయన కన్నుమూశారు. 1908లో ప్రభుత్వం దానిని స్వీకరించి, బేగంపేటలో కొత్త కట్టడం మొదలుపెట్టింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

ఆయన ఏర్పాటు చేసిపోయినవాటిలో 8 అంగుళాల ఫోటో దుర్భిణి కూడా ఉంది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని అప్పట్లో ఎన్నో దేశాల రసద్‌గాహ్‌లు పని పంచుకున్నాయి. చిలీ దేశంలోని శాంటియాగో పూర్తిచేయలేకపోయిన భాగాన్ని హైదరాబాదు తీసుకుంది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి 12 సంపుటాలలో ప్రచురించింది. ఉలుగ్ బేగ్ పట్టికలో ఉన్నవి 1018.

నక్షత్రాలకూ నెలవంకకూ ఏమిటి సంబంధం అని పాఠకులు అడగవచ్చు. సంబంధం చాలా దగ్గరిది. చంద్రుడు తన దారిలో వచ్చే నక్షత్రాలను కప్పుతూ పోతాడు. చంద్రుని చుట్టూ మనకున్నట్లు గాలిపొర లేదు. కనుక నక్షత్రం మెల్లగా మసకబారదు, దీపం ఊదినట్లు ఒక్కసారిగా మాయమవుతుంది. ఆ క్షణాన్ని గడియారంతో గుర్తించాలి. చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు కదులుతాడు. అందువల్ల నక్షత్రం స్థానం సరిగ్గా తెలిసి ఉంటే ఆ క్షణాన చంద్రుడు ఎక్కడున్నదీ ఎంతో సూక్ష్మంగా తేలుతుంది. (చంద్రుని అంచున ఉన్న కొండల వల్ల కొంత తేడా వస్తుంది, అది వేరే సంగతి.) నిజామియాలో ఈ పరిశీలనలు చేసి లండన్ పత్రికకు పంపేవారు. ప్రపంచమంతటి నుండి చేరిన ఇటువంటి సాక్ష్యాలతోనే చంద్రుని గమన పట్టికలను సరిదిద్దారు. 1969లో మానవుడు చంద్రునిపై దిగి అక్కడ అద్దం అమర్చి వచ్చాక, లేజర్ కాంతితో ఆ దూరాన్ని ఎంతో సూక్ష్మంగా కొలవడం సాధ్యమయింది. అంతవరకు ఉన్న ముఖ్య ఆధారాలలో మనిషి కన్నూ గడియారమూ ఉన్నాయి.

ప్రతి ఏటా మనలో సాగే వాదం ఇక్కడ గుర్తుకొస్తుంది. కంటితో చూడాలా, లెక్కతో తేల్చాలా? ఈ రెండూ శత్రువులన్నట్లు కొందరు మాట్లాడతారు. కానీ ఆ లెక్కలన్నీ చూపుల మీద కట్టినవే కదా! నెల ఆరంభానికి రుయ్యత్ ప్రమాణమన్నదే మేము చదువుకున్న పద్ధతి. అయితే పొరపాటు సాక్ష్యాన్ని గుర్తించడానికి లెక్క ఎంతో ఉపకరిస్తుంది.

దీనికి మన తెలంగాణలోనే ఉదాహరణ ఉంది. బేగంపేట దీపాల వెలుగు ఆకాశ పరిశీలనకు అడ్డు కావడంతో, 1968 నాటికి 48 అంగుళాల కొత్త దుర్భిణిని నగరానికి దూరంగా జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న చంద్రుని నీడ సరిగ్గా అక్కడి మీదుగా సాగింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక రెండు నిమిషాల పాటు సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. అంటే చంద్రుడు అప్పుడే సూర్యుని ముందు నుండి పోతున్నాడన్న మాట. ఆ సాయంత్రం మగ్రిబ్‌కు అతని వయసు కొద్ది గంటలే. ఆనాడు ఎవరైనా నెలవంక చూశామని వస్తే, వారు అబద్ధం చెబుతున్నారని కాదు గానీ, వారు చూసింది మరేదో అయి ఉండాలి.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఉండే మన సోదరులకు ఇది పనికొచ్చే విషయం. ఇక్కడ పడమటి అంచున పొగా దుమ్మూ పేరుకుంటాయి, రాత్రంతా ఫ్యాక్టరీ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. సన్నని హిలాల్ ఆకాశంలో ఉన్నా కంటికి ఆనదు. 29వ తేదీన సూర్యాస్తమయానికి చంద్రుడు ఎంత ఎత్తున, సూర్యునికి ఏ పక్కన ఉంటాడో ముందే తెలుసుకొని, సంగారెడ్డి దాటి ఏదైనా తెరిపి ప్రదేశానికి పిల్లలను కూడా తీసుకుని వెళ్ళడం మంచిది.

బేగంపేటలోని పాత రసద్‌గాహ్ స్థలంలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఉంది. జఫర్ జంగ్ కోరుకున్నట్లే ఆ రసద్‌గాహ్‌ను అందరూ నిజామియా అనే పిలుస్తారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక, ఆమీన్.