విడుదల పిదప జీవనము : శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

కారాగారమునుండి విడుదలయైన మనుష్యునకు మొట్టమొదట కావలసినది పని. మద్యపానమును విడిచి కోలుకొనుచున్న వానికిని, శరణాలయమున పెరిగి వెలుపలికి వచ్చిన బాలికకును కావలసినది అదియే. చేతికి పనియు, నెల తిరుగునప్పటికి జీతమును లేనిచో పాత సహవాసములు మరల పిలుచును. ఆకలి ఆ పిలుపునకు తోడగును. చెరసాల జీవితమును స్వయముగా అనుభవించి, కాలము కలిసివచ్చినప్పుడు ఇట్టివారి జీవనోపాధికి దేశప్రణాళికలో చోటు కల్పించిన తెలుగు మహిళ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యము కాకినాడలో గడచెను. ఎనిమిదవ యేటనే పెద్దలు వివాహము చేసిరి. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట తన మార్గము వేరని భర్తకు తెలియజేసి, ఆయన మరల పెండ్లాడుటకు సమ్మతించి, ఆ బంధమునుండి తొలగెను. ఆంగ్లవిద్య వలదని బడి మానిన ఆ చిన్నది తోటి బాలికలకు హిందీ పాఠశాల నడిపెను.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు ఆమెకు పండ్రెండవ యేడు నడచుచుండెను. సంఘము దూరముగా నుంచిన దేవదాసీ స్త్రీలు ఆయన మాటలు వినవలెనని ఆమె పట్టుపట్టెను. అందుకు ప్రత్యేకముగా కొంత సమయము కేటాయింపవలెనన్నచో అయిదు వేల రూపాయల నిధి చూపుమని నిర్వాహకులు చెప్పిరి. ఆ స్త్రీల తోడ్పాటుతోనే ఆమె ఆ ధనమును సమకూర్చెను. మహాత్ముని ప్రసంగమును తెనిగించి వినిపించెను. వెలివేయబడినవారికి కావలసినది జాలి కాదు, అవకాశమని ఆమె జీవితమున కనబడిన తొలి నిదర్శనమిది.

1930లో మదరాసు నగరమున ఉప్పు సత్యాగ్రహమునందు పాల్గొని ఆమె నిర్బంధింపబడెను. 1933 వరకు పలుమారులు శిక్ష ననుభవించెను. రాయవేలూరు చెరసాలలో ఆమెకు తోడైనవారు రాజకీయ ఖైదీలు మాత్రమే కారు. ఘోరమైన నేరములకు శిక్షింపబడిన నిరుపేద స్త్రీలును అందుండిరి. చట్టమన నేమో వారెరుగరు. న్యాయస్థానమున తమ పక్షమున మాటాడువారు లేక శిక్ష పొందినవారు వారిలో కలరు. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము దుర్గాబాయికి అక్కడ కలిగెను. పిమ్మట మధుర కారాగారమున ఏకాంతవాసము ఆమె ఆరోగ్యమును క్రుంగదీసెను.

చెరనుండి వెలువడిన దినమున ఆమె చేతిలో ఏ పట్టమును లేదు, దేహమున బలమును లేదు. మరల జీవితము నారంభించుట యెంత కష్టమో ఆమె తనయందే చూచెను. ప్రైవేటుగా చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ నందుకొనెను. విద్యార్థినులకు వసతిగృహము లేదని ఆంధ్ర విశ్వవిద్యాలయము సందేహింపగా, తానే కొందరు బాలికలను కూర్చి వసతి నేర్పరచెను. అక్కడ 1939లో రాజనీతిశాస్త్రమున ఆనర్సు పట్టమును, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టమును పొందెను. నడుమ 1937లోనే ఆంధ్ర మహిళాసభ వెలసినది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు పరీక్షలకు శిక్షణయు, చేతిపనులును అందు నేర్పిరి. తొలి భర్త మరణించిన పిమ్మట ఆయన రెండవ భార్య నిరాధారయై నిలువగా, దుర్గాబాయి ఆమెకు ఆశ్రయమిచ్చి, వృత్తి నేర్పించి, తన కాళ్ళపై తాను నిలుచునట్లు చేసెను.

1946లో ఆమె రాజ్యాంగ నిర్మాణసభకు సభ్యురాలయ్యెను. 1952లో ప్రణాళికా సంఘమున చేరెను. 1953 జనవరిలో చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడెను. ఆ యేడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. స్వచ్ఛంద సంస్థలకు సాయము చేయుటకై మొదటి ప్రణాళికయందు నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపబడెను.

1954లో ఆ మండలి రెండు సలహా సంఘములను నియమించినది. వ్యభిచార వృత్తినుండి తప్పింపబడిన స్త్రీల స్థితిని శ్రీమతి ధన్వంతి రామారావు అధ్యక్షతన ఒక సంఘము పరిశీలించినది. చెరసాలలనుండియు, శరణాలయములనుండియు వెలువడినవారి సంరక్షణను ఆచార్య గోరే అధ్యక్షతన రెండవది పరిశీలించినది. వాని ఫలితముగా రెండవ ప్రణాళికా కాలమున రాష్ట్రములలో స్టేట్ హోములును, జిల్లాలలో ఆశ్రయ గృహములును వెలసినవి. కూడును, నీడయు ఇచ్చినంత మాత్రమున చాలదని, ఉత్పత్తి కేంద్రములను గూడ వానికి అనుబంధింపదలచిరి. 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా ప్రణాళిక ఆరంభమైనది. చదువు తప్పిపోయిన స్త్రీ కొలది కాలములోనే పరీక్షకు సిద్ధమై, ఉపాధ్యాయినిగనో, గ్రామసేవికగనో, నర్సుగనో జీవనము గడుపుటకు అది దారి చూపినది.

1975లో పద్మవిభూషణ బిరుదమును పొందిన దుర్గాబాయి 1981 మే 9వ తేదీన దివంగతురాలయ్యెను. ఆమె చివరి సంవత్సరములు హైదరాబాదుతో పెనవేసికొన్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత, విద్యానగర్ ప్రాంతమున, ఆంధ్ర మహిళాసభ కళాశాలయు, ఆమె పేరిటి వైద్యాలయమును నేటికిని కలవు. అక్కడినుండి తార్నాక దాటి తూర్పుగా పోయినచో నాచారము, ఉప్పలు పారిశ్రామిక వాడలు వచ్చును. వానికి ఆవల చర్లపల్లి కేంద్ర కారాగారము. చెరయు, కర్మాగారమును, విద్యాలయమును ఇంత చేరువగా నున్నవి. కాని చెర విడిచినవానికి కర్మాగారపు ద్వారము దూరముగనే యుండును. ఇన్నియేండ్లు ఎక్కడ నుంటివని అడిగినప్పుడు వాడు ఏమి చెప్పవలెను? నిజము చెప్పినచో పని రాదు. దాచినచో, బయటపడిననాడు పోవును.

ఈ చిక్కు నేటికిని తీరలేదు. తెలంగాణ కారాగార శాఖ పెట్రోలు బంకులను నెలకొల్పి, విడుదలయైన వారిలో కొందరికి అందు పని కల్పించినది. అట్టి యత్నము ప్రభుత్వముతోనే ఆగరాదు. చెరలోనే పని నేర్పుట, విడుదలకు ముందే యజమానితో మాటాడుట, తొలి నెలలలో వాని మంచిచెడ్డలు కనుగొనుట, ఒకమారు తడబడినంతనే త్రోసివేయక నిలుపుట, ఇవి యజమానులును, పౌరులును చేయదగిన పనులు. మన పాఠశాలలలో తండ్రి చెరలో నున్న పిల్లలును కూర్చుండి చదువుచుండవచ్చును. ఆ తండ్రి తిరిగివచ్చిననాడు ఊరిలో వానికొక పని దొరకునో లేదో అనుదానిమీదనే ఆ పిల్లల చదువు నిలుచుట ఆధారపడియుండును. దుర్గాబాయమ్మ చరిత్రను పాఠముగా చెప్పు ఉపాధ్యాయులు ఈ మాటను గూడ విద్యార్థులకు చెప్పవలెను.