రాజు పిలిచినా వెళ్లలేదు.. ఇంటికొచ్చేవాళ్ల కోసం ఆగిపోయారు! డొక్కా సీతమ్మ జీవిత కథ

కొవ్వూరు: ఇంటికి గెస్టులు వస్తున్నారంటే ఇప్పుడు హడావుడి మామూలుగా ఉండదు. ఫ్రిజ్‌లో ఐస్ ఉందా? సోడా తెచ్చారా? పిల్లలకు మాక్‌టైల్ ఏది, ఫ్రెండ్స్‌కు కాక్‌టైల్ ఏది? వీడియో చూసి మరీ గ్లాసు అంచుకు ఉప్పు అద్దేవాళ్లూ ఉన్నారు. సంక్రాంతి వస్తే గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడి ముందు వందల రకాల వంటలు పెట్టిన వీడియోలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి. ఇక 2027లో గోదావరి పుష్కరాలు. గోష్పాద క్షేత్రం ఉన్న కొవ్వూరులో అప్పుడు చుట్టాలు దిగని ఇల్లు ఉండదు.

ఈ గోదావరి మర్యాద గురించి మాట్లాడుకునేటప్పుడు ఒక పేరు తప్పకుండా వస్తుంది. ఆమే డొక్కా సీతమ్మ. హోటల్ పెట్టలేదు, సత్రం కట్టలేదు. సొంత ఇంట్లో, సొంత పొయ్యి మీద వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించారు. అదీ ఒక పూటో, ఒక పండక్కో కాదు.. జీవితాంతం. ఆంధ్రుల అన్నపూర్ణ, నిరతాన్నదాత అని జనం పిలుచుకున్న ఆ ఇల్లాలి కథ ఇది.

ఇంతకీ ఎవరీ సీతమ్మ?

సీతమ్మ 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీ శంకరం, తల్లి నరసమ్మ. ఇంటికి ఎవరొచ్చినా బువ్వ పెట్టకుండా పంపరని ఊళ్లో భవానీ శంకరానికి బువ్వన్న అనే పేరు స్థిరపడిపోయింది. అంటే సీతమ్మకు ఇది పుట్టింటి అలవాటే. చిన్నతనంలోనే తల్లి చనిపోవడంతో ఇంటి బాధ్యత, వచ్చిపోయే వాళ్ల బాధ్యత ఆ అమ్మాయి మీదే పడింది. ఆడపిల్లలను బడికి పంపని రోజులు. ఆమె నేర్చుకున్నదంతా వంటింట్లోనే, వడ్డనలోనే.

పెళ్లి కూడా ఒక అతిథి వల్లే కుదిరిందని చెబుతారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న వేదం చదువుకున్న పండితుడు, పొలాలున్న రైతు. పండితుల సభకు వెళ్లి తిరిగి వస్తూ మధ్యాహ్నం వేళ మండపేటలో బువ్వన్న ఇంట్లో ఆగారట. ఆ ఇంట్లో తనకు జరిగిన మర్యాద, ఆ అమ్మాయి వినయం చూసి సంబంధం కలుపుకున్నారట. అలా సీతమ్మ గోదావరి పాయ దాటి లంకల గన్నవరం కోడలయ్యారు.

గన్నవరం అనగానే విజయవాడ ఎయిర్‌పోర్టు గుర్తొస్తుంది కదా.. ఇది ఆ గన్నవరం కాదు. ఇప్పటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా పి.గన్నవరం మండలంలోని పల్లె.

ఆ ఊళ్లోనే ఎందుకు?

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండు పాయలవుతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ. కిందికి వెళ్లాక గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ అనే ఇంకో పాయ చీలుతుంది. మధ్యలో లంకలు, ఇసుక మేటలు, కొబ్బరి తోటలు. ఇప్పుడంటే వంతెనలున్నాయి. అప్పట్లో ఏ పని మీద వెళ్లాలన్నా ఏరు దాటాల్సిందే. పెళ్లి అయినా, కోర్టు పని అయినా, అంతర్వేది తీర్థం అయినా నడక, ఎడ్లబండి, పడవ.. ఇవే దిక్కు.

కొవ్వూరు నుంచి రాజమండ్రికి రైలు వంతెన వచ్చిందే 1900లో. అప్పటికి సీతమ్మకు 60 ఏళ్లు దగ్గరపడ్డాయి. అంతవరకు ఇక్కడ కూడా పడవే. ఇక లంకల సంగతి చెప్పేదేముంది!

పడవ ప్రయాణానికి టైమ్ టేబుల్ ఉండదు. గాలి తిరగబడితే ఆలస్యం, వరద వస్తే ఆ పూటకు ఆగిపోవడమే. దాటేసరికి మిట్టమధ్యాహ్నం కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. ఆ వేళకు ఏ ఊళ్లో ఎవరు తలుపు తీస్తారు? సీతమ్మ ఇంటి తలుపు తెరుచుకునేది. ఆమె పేరు నిలబడింది ఇక్కడే. భోజనాల వేళ దాటింది, రేపు రండి అనే మాట ఆ ఇంట్లో లేదని కోనసీమ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ వేళ వచ్చినా మళ్లీ పొయ్యి వెలిగేది. కులం, మతం అడగకుండా పెట్టేవారని కూడా చెబుతారు. ఆ రోజుల్లో, అదీ ఓ పండితుడి ఇంట్లో, అది చిన్న విషయం కాదు.

మొదట చెంబుతో నీళ్లు

డెల్టా ఇళ్లలో అతిథి మర్యాదకు ఒక వరస ఉండేది. ముందు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు. తర్వాత తాగడానికి చెంబుతో మంచినీళ్లు. ఎండాకాలమైతే మజ్జిగ. పెరుగు చిలికి వెన్న తీసేసి, నీళ్లు పోసి పల్చగా చేసి, ఉప్పు వేసి, దబ్బాకు నలిపి వేస్తే ఆ వాసనకే సగం అలసట పోతుంది. శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం. కోనసీమలో కొబ్బరి బొండాల సంగతి సరేసరి. కాఫీ, టీలు ఇంకా పల్లెల్లో ఇంటింటి అలవాటు కాని కాలం.

ఓ చిన్న సరదా విషయం. ఈరోజు పార్టీల్లో పెద్ద గిన్నెలో కలిపి పోసే పంచ్ అనే డ్రింక్‌కు ఆ పేరు మన దేశం నుంచే వెళ్లిందని ఎక్కువమంది చెప్పే మాట. మద్యం, పంచదార, నిమ్మరసం, నీళ్లు, మసాలా.. అయిదు కలిస్తే పంచ్. తీపి, పులుపు, ఘాటు సరిపాళ్లలో కలిపి వచ్చినవాడి చేతికి ఇవ్వడం మనకేమీ కొత్త కాదన్నమాట. మన పానకంలో మద్యం ఉండదు, అంతే తేడా.

గ్లాసులో పోసేది ఏదైనా, దాన్ని అందించే మనిషి ఇంట్లో ఉండాలి. సీతమ్మ జీవితమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

బియ్యం ఎక్కడివి?

రోజూ అంతమందికి పెట్టాలంటే ముందు ధాన్యం కావాలి. సీతమ్మ పుట్టిన ఆరేళ్లకు, అంటే 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి పూర్తయింది. కాలువలు వచ్చాయి, డెల్టాలో వరి పండింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించే అక్విడెక్టు కూడా ఆ కాలపు పనే. 1876-78 కరువులో మద్రాస్ ప్రెసిడెన్సీలో లక్షల మంది ఆకలితో చనిపోతే, గోదావరి డెల్టాను ఈ నీళ్లే కాపాడాయి.

జోగన్న పొలాల్లో పండినదంతా ఆ ఇంటి పొయ్యికే వెళ్లింది. అయినా ఎంత ఆస్తి ఉన్నా రోజూ తీస్తుంటే తరగక మానదు. ఇల్లు గడవడం కష్టమైన సమయంలో పొలంలో బంగారం ఉన్న బిందె దొరికిందని, దాంతో మళ్లీ అన్నదానం సాగిందని ఒక కథ ఉంది. దాన్ని నమ్మాలా వద్దా అనేది మీ ఇష్టం. కానీ ఇలాంటి కథ పుట్టిందంటేనే అర్థం చేసుకోవచ్చు. ఇంత ఖర్చు ఒక్క ఇల్లు ఎలా తట్టుకుందో చుట్టుపక్కల వాళ్లకే అంతుపట్టలేదు.

ఇంకో ఖర్చు లెక్కల్లోకి రాదు. అది ఒంటి కష్టం. గ్యాస్ లేదు, మిక్సీ లేదు, కుళాయి లేదు. వడ్లు దంచాలి, కట్టెలు ఎండబెట్టాలి, నీళ్లు మోయాలి, పొగలో కూర్చుని వండాలి. సాయానికి మనుషులున్నా, పక్కన నిలబడి చూసుకోవాల్సింది ఇల్లాలే.

అంతర్వేది దారిలో వెనక్కి

సీతమ్మ గురించి ఎక్కువగా చెప్పుకునే సంఘటన ఇది. ఏళ్ల తరబడి ఇల్లు కదలని ఆమెకు ఒక్కసారైనా అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని చూడాలని కోరిక. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ గుడి గన్నవరానికి మరీ దూరమేమీ కాదు. ఎలాగో బయల్దేరారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు ఓ పెళ్లి బృందం మాటలు చెవిన పడ్డాయట. పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. కాసేపట్లో గన్నవరం చేరిపోతాం, సీతమ్మగారి ఇంట్లో అన్నం తినొచ్చని పెద్దలు వాళ్లను ఊరుకోబెడుతున్నారు.

ఆ మాటలు విన్న సీతమ్మ అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. వాళ్లకంటే ముందే ఇంటికి చేరి, వండి, వడ్డించారని చెబుతారు. స్వామి దర్శనం మాత్రం కాలేదు.

ఈ కథను అందరూ ఆమె గొప్పతనానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. కానీ ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. పక్కనే ఉన్న గుడికి వెళ్లి రావడానికి కూడా ఆమెకు వీలు కాలేదు. ఆ ఇంటికి సెలవు లేదు. వందల మంది ఏరు దాటి ఆమె ఇంటికి వచ్చారు. ఆమె మాత్రం ఏరు దాటలేకపోయారు.

కుర్చీలో ఫొటో

సీతమ్మ పేరు తెల్లదొరల దాకా వెళ్లింది. 1903 జనవరి 1న ఢిల్లీలో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం పేరుతో పెద్ద దర్బార్ జరిగింది. దేశంలోని సంస్థానాధీశులంతా తరలివెళ్లిన వేడుక అది. ఆ వేడుకలకు సీతమ్మకూ పిలుపు వచ్చింది.

ఆమె వెళ్లలేదు. తాను వెళ్తే ఇంటికి వచ్చేవాళ్లకు అన్నం ఎవరు పెడతారన్నదే ఆమె ఆలోచన. కనీసం ఫొటో అయినా తీసి పంపాలని అధికారులు అడిగారట. దానికీ ఆమె మొదట ఒప్పుకోలేదని, ఫొటో పంపకపోతే తమ ఉద్యోగాలకే ఇబ్బంది అని బతిమాలితే సరేనన్నారని చెబుతారు. ఆ ఫొటోనే వేడుకలో కుర్చీలో ఉంచి గౌరవించారన్నది కోనసీమలో ఇంటింటికీ తెలిసిన కథ. ఈరోజు సోషల్ మీడియాలో తిరిగే సీతమ్మ రూపం ఆ పాత ఫొటో వల్లే మనకు మిగిలిందంటారు.

అంతర్వేది అయినా, ఢిల్లీ అయినా ఆమె జవాబు ఒకటే. దేవుడి కోసం కదలని మనిషి రాజు కోసం కదులుతారా?

ఇప్పటికీ ఆమె పేరుతో..

1909 ఏప్రిల్ 28న సీతమ్మ కన్నుమూశారు. అప్పటికి 67 ఏళ్లు.

పి.గన్నవరంలో పాత అక్విడెక్టు పక్కన 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. పైన కాలువ నీళ్లు, కింద వైనతేయ. ఒకప్పుడు ఆమె ఇంటికి జనం పడవల మీద వచ్చిన ఏటికి ఇప్పుడు ఆమె పేరున్న కట్టడమే దారి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని పేరు మార్చింది. 2025 జనవరిలో దాన్ని ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ విస్తరించారు. ఆమె ఎవరో తెలియని పిల్లలు కూడా రోజూ ఆమె పేరు మీద అన్నం తింటున్నారు.

ఈ పుష్కరాలకు మీ ఇంటికి కూడా చుట్టాలు రావచ్చు. మజ్జిగ ఇస్తారో, మాక్‌టైల్ కలుపుతారో మీ ఇష్టం. కానీ గెస్టులంతా హాల్లో నవ్వుకుంటుంటే వంటింట్లో ఒక్కరే ఉండిపోతారు చూడండి.. ఓసారి వాళ్లను కూర్చోబెట్టి, ఆ గ్లాసేదో మొదట వాళ్ల చేతికివ్వండి. సీతమ్మకు అలా ఇచ్చినవాళ్ల గురించి ఏ కథలోనూ లేదు.