గజ్జె కట్టిన పాండిత్యము
హరికథాపితామహ శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు

కలియుగమున హరినామసంకీర్తనమే తరణోపాయమని పురాణములు ఘోషించుచున్నవి. ఏకాంతమున చేసిన సంకీర్తనము చేసినవానికి శ్రేయస్సు. పదిమందిని కూర్చుండబెట్టి భగవత్కథను ఆడి పాడి వినిపించినచో అది లోకమునకే శ్రేయస్సు. ఈ రెండవ త్రోవను ఆంధ్రదేశమున రాజమార్గముగా తీర్చిన మహనీయులు ఆదిభట్ల నారాయణదాసుగారు.

వీరు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలికి సమీపముననున్న అజ్జాడ గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి నరసమాంబ. చిన్ననాటి పేరు సూర్యనారాయణ. పోతనగారి భాగవతపద్యములు వీరికి అక్షరములకంటె ముందుగా తల్లి ముఖమునుండియే లభించినవి. పిమ్మట బొబ్బిలిలో వాసా సాంబయ్యగారి యొద్ద సంగీతము నభ్యసించి, విజయనగరమున ఆంగ్లవిద్యయు నేర్చిరి.

1883లో చెన్నపట్టణమునుండి వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి హరికథను విజయనగరమున వినుట వీరి జీవితమును మలుపు త్రిప్పెను. వెంటనే ధ్రువచరిత్రమును స్వయముగా రచించి, తామే కాలికి గజ్జె కట్టి, చిరుతలు పట్టి కథ చెప్పిరి. అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము, భీష్మచరిత్రము, సావిత్రీచరిత్రము, జానకీశపథము మొదలగు కథలు క్రమముగా వెలువడినవి.

హరికథ యందలి కష్టమును పాఠకులు ఒకింత యోచింపవలెను. సరాయికెల ఛౌ నృత్యమున నర్తకుడు పాత్రోచితమైన బొమ్మముఖమును ధరించి దేవతయో వీరుడో యగును. యక్షగానమున పాత్రకొక వేషధారి యుండును. హరిదాసునకు వేషమును లేదు, తోడి నటుడును లేడు. మృదంగము, ఫిడేలు ప్రక్కన మ్రోగుచుండగా, ఆ ఒక్క ముఖమే సురుచియై గర్వింపవలెను, సునీతియై కన్నీరు పెట్టవలెను, ధ్రువుడై అడవికి బయలుదేరవలెను. పద్యము, కీర్తన, వచనము, నృత్యము, అభినయము అన్నియు ఒక్కరివే. తాళజ్ఞానమునను దాసుగారు అసమానులు. చేతులు రెండు, పాదములు రెండు, శిరస్సు ఒకటి, ఈ ఐదింటితో ఏకకాలమున ఐదు తాళములు చూపి పంచముఖీపరమేశ్వరులని ప్రశస్తి గాంచిరి.

విజయనగరప్రభువు ఆనందగజపతివారును, మైసూరు ప్రభువు చామరాజేంద్ర ఒడయరువారును వీరిని ఆదరించిరి. మైసూరు ఆస్థానమున నిలిచిపొమ్మన్నను వీరు అంగీకరింపలేదని ప్రతీతి. 1919లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినప్పుడు ప్రథమాధ్యక్షులై, 1936 వరకు శిష్యులను తీర్చిరి. తరువాత ఆ పీఠమును ద్వారం వేంకటస్వామినాయుడుగారు అలంకరించిరి.

దాసుగారి పాండిత్యము బహుముఖము. షేక్స్‌పియరు, కాళిదాసుల రచనలనుండి రసవత్తరఘట్టములను ఏర్చి అచ్చతెనుగున నవరసతరంగిణిని కూర్చిరి. ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును, అచ్చతెనుగునకును మార్చి 1932లో ప్రకటించిరి. నా యెఱుక యను స్వీయచరిత్రమును వ్రాసిరి. ఇంతటి విద్వాంసులు రావిచెట్టు క్రింది అరుగుమీద, పందిటి క్రింద, పామరజనము నడుమ గజ్జె కట్టుటకు వెనుదీయలేదు. 1945 జనవరి 2వ తేదీన వీరు పరమపదించిరి.

నేను పాఠశాలలో చదువుకొన్న దినములలో మా గురువులొకరు హరికథలకు పోవుటను హర్షించెడివారు కారు. శాస్త్రము చదువువానికి గజ్జెల చప్పుడేలయని వారి భావము. ఒక శ్రీరామనవమి రాత్రి వారికి తెలియకుండ పోయి ధ్రువచరిత్రము వింటిని. నా ప్రక్కన కూర్చున్న ముదుసలి, అక్షరము రానిది, సవతితల్లి తొడమీదినుండి బాలుని త్రోసిన ఘట్టమున పైటచెంగుతో కన్నులొత్తుకొనెను. అదే కథను శ్లోకములతో వల్లించియున్న నా కన్నులు మాత్రము అంతవరకెన్నడును చెమ్మగిల్లలేదు. ఆ రాత్రి నాకు సిగ్గు కలిగెను. దాసుగారేల గజ్జె కట్టిరో ఆనాడే నాకు బోధపడెను.

ఈ విద్య నశింపలేదు. గోదావరీతీరమున కపిలేశ్వరపురమున హరికథాపాఠశాల వెలసినది. 2023లో కోట సచ్చిదానందశాస్త్రిగారికిని, 2024లో సంస్కృతహరికథలు చెప్పు డి. ఉమామహేశ్వరిగారికిని పద్మశ్రీ లభించినది. అయినను బిరుదులు విద్యను కాపాడవు, వినువారు కాపాడవలెను. ఉత్సవములలో సినిమాపాటల కచ్చేరికి రాత్రియంతయు ఇచ్చి, హరిదాసునకు మిట్టమధ్యాహ్నపుటెండలో అరగంట ఇచ్చు దేవాలయములను నేనెఱుగుదును. ఖాళీ చాపలకు కథ చెప్పి, సంభావన పుచ్చుకొని, గజ్జెలు మూటగట్టుకొనిపోవు దాసును చూచినప్పుడు మనసు కలగును.

ధర్మకర్తలకును, భక్తులకును నా విన్నపమొక్కటే. ఏటేట జరుగు ఉత్సవములలో ఒక్క రాత్రి, జనము కూడు వేళ, హరికథకు కేటాయింపుడు. పిల్లలను ముందువరుసను కూర్చుండబెట్టి, మంగళము పాడువరకు లేవకుండుడు. దాసుగారికి అంతకు మించిన అర్చన లేదు.