సాల్క్ మొదట పట్టింది ఫ్లూ సూదే!

జోనస్ సాల్క్ అనగానే మనకి పోలియో గుర్తొస్తుంది. కానీ పోలియో జోలికి వెళ్లకముందు ఆయన అయిదేళ్లు ఫ్లూ జ్వరంతోనే కుస్తీపట్టాడు.

1914లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లి డోరా రష్యా నుంచి వలస వచ్చిన మనిషి. తండ్రిది బట్టల తయారీలో పని. ముగ్గురు కొడుకుల్లో జోనస్ పెద్దవాడు. 1939లో డాక్టరు పట్టా చేతికొచ్చిన మర్నాడే డోనాని పెళ్లి చేసుకున్నాడు.

1942లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ ఫ్రాన్సిస్ దగ్గర చేరాడు. అవి యుద్ధం రోజులు. 1918లో ఫ్లూ వచ్చి సైనికులు గుంపులుగా చనిపోయిన సంగతి సైన్యం మరిచిపోలేదు. గురుశిష్యులు కోడిగుడ్లలో వైరస్‌ని పెంచి, ఫార్మలిన్‌తో చంపి టీకా తయారుచేశారు. ఇప్పటికీ ఫ్లూ టీకా చాలావరకు గుడ్లలోనే తయారవుతుంది. తణుకు, తాడేపల్లిగూడెం చుట్టూ ఇన్ని కోళ్లఫారాలు చూస్తూ పెరిగిన నాకే ఈ ముక్క తెలీదు! అయితే అవి మనం కూరొండుకునే గుడ్లు కావు, లోపల పిల్ల ఎదుగుతున్నవి.

1943 చివర్లో శిక్షణలో ఉన్న పన్నెండువేల పైచిలుకు కుర్రాళ్లమీద పరీక్ష చేశారు. ఉత్తి సూది వేసినవాళ్లలో నూటికి ఏడుగురికి ఫ్లూ వస్తే, టీకా వేసినవాళ్లలో ఇద్దరికే వచ్చింది. అంతా సంబరపడ్డారు. తీరా 1947లో వైరస్ రూపు మార్చుకునేసరికి అదే టీకా పనిచెయ్యలేదు. ఏటా టీకా మార్చుకుంటూ పోవడం వెనక ఉన్న పాఠం అదే.

పెదపాడులో డెబ్బై దాటిన మా అత్తగారికి డాక్టరుగారు ఈ సూది రాసినప్పుడు నాకు పట్టుకున్న సందేహం ఒకటే. పరీక్ష చేసింది కుర్రాళ్లమీద కదా, మరి పెద్దవాళ్ల సంగతో? నిజమే, వయసు మళ్లిన ఒంట్లో టీకాకి స్పందన తగ్గుతుంది. వైరస్‌కీ టీకాకీ బాగా పొంతన కుదిరిన ఏడు మొత్తంమీద ఫ్లూ బెడద నూటికి నలభై నుంచి అరవై వంతులు తగ్గుతుంది. పెద్దవాళ్లలో అంతకన్నా తక్కువే. పొంతన కుదరని ఏడు మరీ తక్కువ. అయినా వెయ్యమనడం ఎందుకంటే వాళ్లకి ఫ్లూ నిమోనియాలోకి దిగుతుంది, గుండెమీదికొస్తుంది. సూది వేయించుకున్నవాళ్లలో ఆస్పత్రి పాలయ్యేవాళ్లు తగ్గుతారు. అరవయ్యయిదు దాటినవాళ్లకని నాలుగింతల మందుతో చేసిన టీకాని ముప్ఫైవేలమందికి పైగా పరీక్షిస్తే (2014లో ఫలితాలొచ్చాయి), మామూలు టీకాకన్నా దాదాపు నాలుగోవంతు తక్కువమందికి ఫ్లూ వచ్చింది. సూదివల్లే ఫ్లూ వస్తుందని మా వీధిలో ఓ మాట ఉంది. అందులో ఉన్నది చచ్చిన వైరస్, ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. మన వైపు వానాకాలంలో ఫ్లూ ముదురుతుంది కనుక అంతకుముందే వేయించాలి.

మళ్లీ సాల్క్ దగ్గరికొస్తే, 1947లో పిట్స్‌బర్గ్ వెళ్లి అదే ఫార్మలిన్ కిటుకుని పోలియోకి వాడాడు. 1953లో ఆ సూది తన పిల్లలకీ వేశాడు. 1955 ఏప్రిల్ 12న అది పనిచేస్తుందని ప్రకటించింది గురువు ఫ్రాన్సిసే. ఆరోజు సభలో తన ప్రయోగశాలలో రాత్రింబవళ్లు చాకిరీ చేసినవాళ్ల పేర్లు సాల్క్ ఎత్తలేదు. ఎంత గొప్పవాడైనా నాకిది నచ్చలేదు. డోనాతో కాపురం 1968లో విడాకులతో ముగిసింది. తర్వాత చిత్రకారిణి ఫ్రాన్స్‌వాజ్ జీలోని చేసుకున్నాడు. చివరిదాకా ఎయిడ్స్ టీకా కోసం పాటుపడి, 1995లో ఎనభయ్యేళ్ల వయసులో గుండె జబ్బుతో పోయాడు. 2015 నుంచి మన పిల్లలకి చుక్కలతోపాటు వేస్తున్న పోలియో సూదిలో ఉన్నదీ ఆయన పద్ధతిలో చంపిన వైరసే.