హాంప్టన్‌ది ఎదురుకాల్పుల చావు కాదు

1948లో పుట్టిన ఫ్రెడ్ హాంప్టన్ షికాగోలో బ్లాక్ పాంథర్ల నాయకుడు. పేద పిల్లలకు పొద్దున్నే ఉచితంగా తిండి పెట్టించాడు. నల్లవాళ్లను, పోర్టోరికన్లను, పేద తెల్లవాళ్లను ఒక్కతాటిపైకి తెచ్చాడు. అదే ఎఫ్‌బీఐకి కంటగింపైంది. అతని పక్కనే వేగును పెట్టి, ఇంటి పటం గీయించి స్థానిక పోలీసులకు చేరవేసింది.

1969 డిసెంబర్ 4 తెల్లవారుజామున సోదా వారెంటుతో వచ్చిన పోలీసులు, పడక మీదున్న హాంప్టన్‌ను కాల్చి చంపారు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. సహచరుడు మార్క్ క్లార్క్‌నూ చంపారు. ఎదురుకాల్పులన్నారు. మనకు బాగా తెలిసిన మాటే. లెక్క తేలిస్తే పోలీసుల తూటాలు 80కి పైగా, పాంథర్లది ఒక్కటే.

చట్టప్రకారం విచారించకుండా ఎవరి ప్రాణమూ తీయరాదంటుంది అమెరికా రాజ్యాంగం. 1982లో 18.5 లక్షల డాలర్ల పరిహారానికి ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. శిక్ష మాత్రం ఒక్కరికీ పడలేదు.

1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది ఆ పాంథర్ల స్ఫూర్తితోనే. అందుకే హాంప్టన్‌ను మనవాడిగా తలుచుకుంటున్నాం. వారెంటు ఇచ్చింది సోదాకా, ప్రాణాలకా అని ఇక్కడా అడుగుతూనే ఉంటాం.